కారు ఏసీలో గ్యాసు అయిపోవునా?

రోహిణీ కార్తె ప్రవేశించుసరికి తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలోని మెకానిక్ షెడ్ల ముందు కార్లు వరుసగా నిలుచుటయు, చల్లగాలి వచ్చుట లేదని యజమాని చెప్పుటయు, బానెట్ ఎత్తి క్షణకాలము చూచిన పనివాడు ‘గ్యాస్ అయిపోయిందండీ, పట్టించాలి’ అని తేల్చుటయు ఏటేటా జరుగుచున్నదే. ఇటీవల దీనికి మరియొక మార్గము తోడైనది. ఆన్‌లైన్‌లో గ్యాసు డబ్బాను, గొట్టమును, చిన్న గేజీని తెప్పించుకొని, వీడియో చూచుచు ఇంటి ముంగిటనే స్వయముగా నింపుకొనుచున్నారు. ఖర్చు తగ్గుననియు, షెడ్డువాని నోటిలెక్కకు లోబడనక్కర లేదనియు తలంచి ఇందుకు పూనుకొనువారిని నేను తప్పుపట్టను. తన వాహనమును తానే బాగుచేసికొనవలెనను అభిలాష గౌరవింపదగినది. అయినను ఈ పనిని ఇంటివద్ద చేయరాదనియు, షెడ్డులో చేయించునప్పుడు సైతము ఇప్పుడు చేయించుకొనుచున్న రీతిని చేయించుకొనరాదనియు నా నిశ్చితాభిప్రాయము.

ముందుగా గ్రహింపవలసిన దేమనగా, ఏసీలోని గ్యాసు ఖర్చగు పదార్థము కాదు. అదే గ్యాసు కంప్రెసరులో ఒత్తిడికి లోనై, కారు ముందుభాగముననున్న కండెన్సరులో వేడిని వదలి ద్రవమై, ఎక్స్‌పాన్షన్ వాల్వు యొక్క సన్నని రంధ్రమును దాటి, డ్యాష్‌బోర్డు వెనుకనున్న కూలింగ్ కాయిల్‌లో మరల ఆవిరియగుచు కారులోని వేడిని పీల్చుకొని, తిరిగి కంప్రెసరునే చేరును. రబ్బరు గొట్టముల నుండియు, కంప్రెసరు సీలు నుండియు కొన్ని సంవత్సరములలో కొద్దికొద్దిగా జారిపోవుట సహజమే. కాని నిరుటి వేసవిలో నింపినది ఈ వేసవికి లేదన్నచో ఎచ్చటనో చిల్లి పడినదని నిశ్చయముగా చెప్పవచ్చును. ఆ చిల్లిని వెదకక గ్యాసు నింపిన వాడు, యజమాని యైనను పనివాడైనను, రోగమును అట్లే యుంచినవాడగును.

మన ప్రాంతమున ఈ చిల్లి తరచుగా ఎచ్చట పడునో ఊహించుట కష్టము కాదు. కండెన్సరు అనునది పలుచని అల్యూమినియపు గొట్టములు, రెక్కలు కలిగిన జల్లెడ వంటి పలక. బంపరు వెనుక, ఎదురుగాలికి ముఖము పెట్టి యుండును. బాపట్ల నుండి సూర్యలంకకు పోయి, సముద్రతీరమున దినమంతయు కారు నిలిపి వచ్చినను, రేపల్లె నుండి నిజాంపట్నము హార్బరునకు నిత్యము తిరుగుచున్నను, ఉప్పుగాలి ఆ రెక్కల సందులలో చేరి, తేమతో కలిసి లోహమును తినును. తొలుత తెల్లని పొడి కనబడును. పిమ్మట సూదిమొన యంత రంధ్రము పడును. గ్యాసుతో పాటు నూనె చెమర్చి, దానిపై దుమ్ము పట్టి నల్లని మరక యేర్పడును. ఆ మరకను చూడనేర్చిన కన్ను సగము పని చేసినట్లే.

ఇక డబ్బాతో నింపుకొను పద్ధతిని విచారింతము. డబ్బాతో వచ్చు గేజీ, ముల్లు పచ్చరంగు గీతలోనికి వచ్చినచో గ్యాసు సరిపోయినదని తెల్పునని చెప్పుదురు. ఇది పొరబాటు. ద్రవము, ఆవిరి కలిసియున్న చోట పీడనము ఉష్ణోగ్రతను బట్టి యుండును గాని పరిమాణమును బట్టి యుండదు. మన వంటగ్యాసు సిలిండరులో ద్రవము నిండుగా నున్నను, అడుగున గిద్దెడు మిగిలినను పీడనము ఇంచుమించు ఒకటే. అందుచేతనే దానిని తూచి తెలిసికొందుము గాని గేజీతో కాదు. ఏసీ నడచుచున్నప్పుడు సైతము ఆ ముల్లు ఎండను బట్టియు, ఇంజను వేగమును బట్టియు, ఫ్యాను తిరుగు తీరును బట్టియు కదలుచునే యుండును. కారునకు పట్టవలసిన గ్యాసు ఎంతయో తయారీదారు బానెట్ క్రింది స్టిక్కరుపై గ్రాములలో ముద్రించును. చిన్న కార్లలో అది అరకిలోకు లోపుగా నుండుట సామాన్యము. అంత స్వల్పమైన కొలతలో నూరు గ్రాములు ఎక్కువైనచో పీడనము పెరిగి చల్లదనము తగ్గును, ద్రవము కంప్రెసరులోనికి పోయి దానిని విరుచును. తక్కువైనచో గ్యాసుతో కలిసి తిరుగవలసిన నూనె వెనుకకు రాక కంప్రెసరు ఎండిపోవును. లోపల ఇంతకుముందే ఎంత మిగిలియున్నదో తెలియనివాడు పైనుండి ఎంత పోయవలెనో ఎట్లు తెలిసికొనగలడు?

తేమ సంగతి ఇంతకంటె ముఖ్యమైనది. ఈ యంత్రములలో వాడు నూనె గాలిలోని తడిని ఆశగా పీల్చుకొను స్వభావము కలది. కృష్ణా డెల్టా గాలిలో తడికి కొదువ లేదు. గొట్టములోని గాలిని, తేమను వెడలగొట్టుటకే వాక్యూమ్ పంపు కావలెను. అరగంట సేపు ఆ పంపు నడచి లోపల శూన్యప్రాయమైనప్పుడు మాత్రమే తడి ఆవిరియై బయటికి పోవును. పంపును ఆపిన పిదప గేజీ ముల్లు కదలక నిలిచినచో చిల్లి లేదనుటకు అదియొక సాక్ష్యము. ఇది చేయక నింపినచో తడి గ్యాసుతో కలిసి ఆమ్లమై లోహమును తినును, వాల్వు వద్ద మంచై అడ్డుపడును. డబ్బాలో ఈ ఉపకరణమేదియు రాదు.

అపాయము గూర్చి రెండు మాటలు చాలును. సామాన్యముగా వాడు ఆర్-134ఏ గ్యాసు మైనస్ 26 డిగ్రీల వద్దనే మరుగును గనుక చర్మముపై పడినచో క్షణములో గడ్డకట్టించును. కల్తీ గ్యాసు మరింత భయంకరము: 2011లో మిథైల్ క్లోరైడ్ కలిసిన గ్యాసు నింపిన ఓడ కంటెయినర్ల శీతలయంత్రములు, ఆ పదార్థము లోపలి అల్యూమినియముతో కలిసి గాలి సోకగనే మండు ద్రవ్యముగా మారుటచే, వియత్నాము మొదలగు చోట్ల పేలి పనివారి ప్రాణములు తీసినవి.

ఇది ఒక్క యజమాని నష్టముతో ముగియు విషయము కాదు. పూర్వము కార్లలో వాడిన ఆర్-12 ఓజోను పొరను తినివేయునని 1974లో మొలీనా, రోలండ్ అను శాస్త్రజ్ఞులు హెచ్చరింపగా, 1987లో మాంట్రియల్ ఒప్పందము పుట్టి, 1992లో మన దేశము అందు చేరి, ఆ గ్యాసు క్రమముగా తొలగి, ఓజోనుకు హాని చేయని ఆర్-134ఏ దాని స్థానమున వచ్చినది. కాని ఈ క్రొత్తది భూమిని వేడెక్కించుటలో దిట్ట. నూరేండ్ల లెక్కలో దీని కిలో ఒకటి సుమారు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడునకు సాటి. చిల్లిపడిన కారులో పోసిన నాలుగువందల గ్రాములు గాలిలో కలిసినచో దాదాపు 250 లీటర్ల పెట్రోలు కాల్చినంత కీడు. అందుచేతనే ఐరోపాలో శిక్షణపత్రము లేనివారికి ఈ గ్యాసును అమ్మరు. అమెరికాలో దుకాణమున ఎవరైనను చిన్న డబ్బా కొనవచ్చును గాని, 2018 నుండి ఆ డబ్బాకు తనంతట మూసుకొను వాల్వు ఉండితీరవలెను. డల్లాసు నుండి వచ్చిన బంధువు ‘మేమక్కడ మేమే నింపుకుంటాం’ అని చెప్పినంతనే అది మనకు ఆదర్శము కానక్కర లేదు. అచ్చటను చిల్లి చిల్లియే.

‘మరి షెడ్డువాడు చేసేదీ అదేగా?’ అని పాఠకుడు అడుగవచ్చును. ఈ ప్రశ్నలో న్యాయమున్నది. వాల్వు నొక్కి ఉన్న గ్యాసును తుస్సుమని గాలిలోనికి వదలి, సిలిండరు తగిలించి, చేయి పెట్టి చల్లదనము చూచి డబ్బు పుచ్చుకొను వానికిని, ఇంట డబ్బాతో నింపుకొను వానికిని భేదము లేదు. తెనాలిలో ఒక షెడ్డున నేను చూచిన పనివాని తీరు వేరు. అతడు నైట్రోజను పట్టించి, సబ్బునురుగును కుంచెతో కండెన్సరు అంచునను, గొట్టముల బిగింపుల వద్దను పూసి, బుడగ లేచు చోటుకై కాచుకొని యుండెను. ఒక మూల ఆవగింజంత బుడగ ఉబ్బి, పగిలి, మరల ఉబ్బినప్పుడు గాని చేయి ఆపలేదు. ‘ఇది మార్చకుండా గ్యాస్ పట్టిస్తే మీ డబ్బులు గాల్లో కలిపినట్టేనండీ’ అని చెప్పెను. పనికిరాని మోటారు విడిభాగములను అతికి నిలువెత్తు విగ్రహములు మలచి దేశమంతట పేరుగాంచిన శిల్పులున్న ఊరది. ఇనుమును ఎరిగిన చేతులకు అచ్చట కొరత లేదు. కొరతయున్నది తూకపు యంత్రమునకు, వాడిన గ్యాసును తిరిగి పట్టు రికవరీ యంత్రమునకు, వానిని కొనుటకు చిన్న షెడ్డువానికి దొరకవలసిన అప్పునకు.

యజమాని స్వయముగా చేయదగిన పనులు లేకపోలేదు: సముద్రపు గాలిలో తిరిగి వచ్చిన పిదప కండెన్సరుపై మంచినీరు మెల్లగా పోసి ఉప్పు కడుగుట, క్యాబిన్ ఫిల్టరు దులుపుట లేక మార్చుట, ముందరి ఫ్యాను తిరుగుచున్నదో లేదో చూచుట. చల్లదనము తగ్గిన కార్లలో కొన్నింటికి ఇంతకు మించిన చికిత్స అక్కరలేదు.

2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక లక్షమంది పనివారికి శిక్షణ నీయవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. ఆర్-134ఏ వంటి గ్యాసులను తగ్గించుటకైన కిగాలీ ఒప్పందమును 2021లో మనము ఆమోదించితిమి. దాని ప్రకారము మన దేశమున ఈ తరగతి గ్యాసుల వాడకము 2028లో ఒక హద్దు వద్ద నిలిచి, 2032 నుండి తగ్గవలెను. ఆ శిక్షణ నగరములలో ఆగిపోక మన మూడు పట్టణముల షెడ్లలోని కుర్రవాండ్ర వరకు రావలెను. నేర్చినవానికి పత్రముతో పాటు తూకమును, పంపును కొనుటకు సులభమైన అప్పు దొరకవలెను. అంతవరకు మనవంతుగా, కారు షెడ్డులో విడుచునప్పుడే ముందుగా లీకు పరీక్ష చేయుమని చెప్పవలెను. చిల్లి ఎచ్చట దొరికినదో, వాక్యూము ఎంతసేపు పెట్టెనో, స్టిక్కరులోని లెక్కకు ఎన్ని గ్రాములు తూచి నింపెనో బిల్లుపై వ్రాయించుకొని గాని డబ్బు చెల్లింపరాదు.