నీటితొట్టిలోని పూవులు

గాజుతొట్టిలో చేపలతోపాటు మొక్కలను గూడ పెంచు సోదరీమణులు మమ్ము తరచుగ నడుగు ప్రశ్న యొకటి కలదు. మొక్క నడుమనుండి సన్నని కాడ వెడలి నీటిపైకి సాగుచున్నది, దానిని త్రుంచివేయవలయునా యని. వలదని మా మనవి. అది పూకాడ.

అమెజాను కత్తిమొక్క దక్షిణ అమెరికా చిత్తడినేలలది. దాని కాడ నీటిపైకి వచ్చినచో మూడు రేకుల తెల్లని పూవులు పూయును. ఆ కాడనే నీట మునిగియుండునట్లు వంచి యుంచినచో కణుపులయొద్ద పిల్లమొక్కలు పుట్టుట కలదు. నాలుగైదాకులును, అంగుళమంత వేళ్లును వచ్చువరకు వానిని తల్లినుండి వేరుచేయరాదు. ముందే కోసిన పసిమొక్క ఆహారము చాలక తరచుగ కుళ్లిపోవును.

వాలిస్నేరియా కథ యింకను చిత్రము. మన కొల్లేటిలోను పెరుగు, రిబ్బనువంటి ఆకుల మొక్క యిది. 1753లో లిన్నేయసు పండితుడు తన గ్రంథమున పేర్కొనెను. ఇందు ఆడుమొక్క వేరు, మగమొక్క వేరు. ఆడుపూవు దారమువంటి పొడవు కాడపై నీటిమట్టమునకు వచ్చి నిలుచును. మగపూవులు అడుగున తెగి, పైకి తేలివచ్చి, దానిని చేరును. మగపెండ్లివారు తరలివచ్చుట నీటిలోను గలదు కాబోలు! పిదప కాడ చుట్టలు చుట్టుకొని కాయను లోనికి లాగుకొనును. తొట్టిలో ఆడుమొక్కలే యున్నను బెంగ వలదు. నేలవెంట పాకు తీగలకు పిల్లలు పుట్టుచునే యుండును.

అవి మిక్కుటమైనపుడు ఇరుగుపొరుగువారికీయుడు, లేదా ఎండబెట్టి ఎరువుకుప్పలో వేయుడు. చెరువులో మాత్రము విడువవలదు. పూవు సొగసునకై పరదేశమునుండి తెచ్చిన గుర్రపుడెక్కయే నేడు మన చెరువులను, కాలువలను కప్పివేసి, చేపలకు ప్రాణవాయువు చాలకుండ జేయుచున్నది.