వరద సలహా వేసవి ఆరంభంలోనే చెప్పాలి

చైత్రమాసంలో గోదావరి లంక గ్రామాలను చూచినవారికి వరద అనే మాట స్ఫురణకు రాదు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలు సన్నబడి, ఇసుకతిన్నెలు బయటపడి ఉంటాయి. వర్షాకాలంలో పడవపై దాటే పాయను కొన్నిచోట్ల మోకాటిలోతు నీటిలో నడిచి దాటుతారు. తెల్లవారకముందే అరటి గెలలు గట్టుకు చేరుతుంటాయి. పందిళ్లపై బీర, పొట్ల, ఆనప కాయలు వేలాడుతుంటాయి. వంగ, బెండ తోటలలో స్త్రీలు ఎండ ముదరకముందే కోత ముగించి ఇంటిదారి పడతారు. ఆవలి గట్టున డెల్టాలో దాళ్వా వరి కోతకు వస్తుంది. కాలువలు కట్టివేసే రోజులు దగ్గరపడతాయి. లంక రైతు కుటుంబానికి చేతిలో నాలుగు డబ్బులు ఆడే కాలం ఇదే.

ఆ పొలమే మూడు నెలలు తిరిగేసరికి నీటి అడుగున ఉండవచ్చు. ధవళేశ్వరం వద్ద కాటన్ బ్యారేజీ నుండి 10 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు విడిస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీ అవుతాయి. పల్లపు లంకలకు వెళ్లే కాజ్‌వేలు మొదటి హెచ్చరిక నాటికే మునిగి రాకపోకలు ఆగిపోతాయి. తోటల్లోకి నీరు చేరాక రైతు చేయగలిగినది స్వల్పం. నీరు తీశాక మన సలహాలు మొదలవుతాయి. బోదెలు తీసి నిలిచిన నీటిని పంపించండి, పడిన చెట్లను తొలగించండి, పైపాటుగా పోషకాలు పిచికారీ చేయండి అని పత్రికలలో రాస్తాం, రేడియోలో చెబుతాం. ఇవన్నీ సరైన మాటలే. కాని రైతు నష్టాన్ని నిర్ణయించిన పనులు అప్పటికి ఆరు నెలల క్రితమే జరిగిపోయాయి. వరదను గురించిన వ్యవసాయ సలహా వేసవి ఆరంభంలో చెప్పవలసినదని, మన పరిశోధన ప్రణాళికలు కూడా ఆ కాలాన్ని ఆధారంగా చేసుకొని రూపొందాలని ఈ వ్యాసం అభిప్రాయం.

తొమ్మిది నెలల భూమి, పన్నెండు నెలల పంట

లంక భూమిలో గోదావరి వరద సాధారణంగా జూలై నుండి సెప్టెంబరు వరకు ఎప్పుడైనా రావచ్చు. నీరు తీసి, ఒండ్రు ఆరి, నేల పదునుకు వచ్చేసరికి అక్టోబరు అవుతుంది. అంటే నది రైతుకు నిశ్చింతగా ఇచ్చే కాలం అక్టోబరు నుండి జూన్ వరకు, దాదాపు తొమ్మిది నెలలు. మూడు నాలుగు నెలల్లో ముగిసే కూరగాయలు ఈ గడువులో హాయిగా ఇమిడిపోతాయి. చుట్టలకు వాడే లంక పొగాకు వేసవి ముదరకముందే కొట్టానికి చేరుతుంది. తరతరాలుగా లంక రైతు నదిని చూచి అమర్చుకొన్న సాగు పద్ధతి ఇది.

అరటి ఈ గడువులో ఇమడదు. పిలక నాటిన ఏడెనిమిది నెలలకు గెల వేస్తుంది. ఆ గెల తయారు కావడానికి మరో మూడున్నర, నాలుగు నెలలు పడుతుంది. అక్టోబరులో నాటిన తోట మే చివర, జూన్ మాసాలలో గెల వేసి, సెప్టెంబరు ప్రాంతంలో కోతకు వస్తుంది. చెట్టుపై బరువు అత్యధికంగా ఉండేదీ, నదిలో నీరు అత్యధికంగా ఉండేదీ ఒకే కాలం. నీటి ప్రవాహానికి పడిపోని చెట్టు సైతం రోజుల తరబడి నీరు నిలిస్తే వేళ్లకు గాలి అందక ఆకులు పండి, గెల ఎదుగుదల నిలిచిపోతుంది. తొమ్మిది నెలలకూ పన్నెండు నెలలకూ మధ్యనున్న ఆ రెండు మూడు నెలల లోటే లంక అరటి రైతు ఏటా ఒడ్డే పందెం.

ఈ పందెం అజ్ఞానంతో ఆడుతున్నది కాదు. శ్రావణమాసంలో వ్రతాలు, నోములు, పెళ్లిళ్ల కారణంగా అరటికి గిరాకీ ఉంటుంది. వరద, మంచి ధర ఒకే మాసంలో ఎదురురావడం లంక రైతు దురదృష్టం. వరద ఏటా తోటల మీదికి రాదు. రాని సంవత్సరం వచ్చిన ఆదాయం రైతుకు గుర్తుంటుంది. పైగా లంకను లంకగా నిలిపేది ఆ వరద తెచ్చే ఒండ్రే. ఎరువు వేయకుండానే నేలకు బలం ఇచ్చేది అదే. కాబట్టి అరటి మానండి అని చెప్పడం తేలిక, చెప్పించుకొన్న రైతు దానిని పాటించడం కష్టం. లోటుగా ఉన్న రెండు మూడు నెలలను ఎలా పూడ్చుకోవచ్చో చూపడం మన బాధ్యత.

మారుతున్న లెక్క

పెద్దలు గోదావరి వరదను ఆగస్టు మాసంతో ముడిపెట్టి చెబుతారు. 1986 ఆగస్టు వరదలో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2020లో కూడా పెద్ద వరద ఆగస్టులోనే వచ్చింది. కాని 2022లో జూలై మధ్యలోనే భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. 2023, 2024 సంవత్సరాలలోనూ ప్రమాద హెచ్చరికలు జూలైలోనే వెలువడ్డాయి. మూడేళ్ల అనుభవాన్ని బట్టి నది స్వభావం శాశ్వతంగా మారిందని తీర్మానించడం శాస్త్రీయం కాదు. అయితే ఆషాఢం గడిచేదాకా భయం లేదు అనే ధీమాతో గెల కోతను ఆగస్టు మొదటి వారానికి పెట్టుకొన్న రైతుకు ఆ మూడేళ్లూ చాలా ఖరీదైనవి. పంచాంగంలో ఒక నెల ముందుకు జరిగితే తొమ్మిది నెలల గడువు కాస్తా ఎనిమిదికి కుదించుకుపోతుంది.

అందుచేత వేసవి ఆరంభంలో రైతు తన తోటను కొత్త ప్రశ్నతో చూడవలసి ఉంది. అక్టోబరులో నాటిన తోట ఏప్రిల్ నాటికి ఆరు నెలల వయస్సులో ఉంటుంది. ఏ మడిలో చెట్లు ముందుగా గెల వేస్తాయో, ఏవి వెనుకబడ్డాయో అప్పటికి కంటికి తెలుస్తుంది. మిగిలిన ఎరువు, వెదురు ఊతకర్రలు, కూలి అన్నీ ఆపై రెండు నెలల్లోనే ఖర్చవుతాయి. పల్లపు మడిలో వెనుకబడిన చెట్లపై ఆ ఖర్చు పెట్టాలా, లేక మెరక మడిపై కేంద్రీకరించాలా అన్నది ఏప్రిల్‌లో తీసుకోవలసిన నిర్ణయం. జూలైలో అది నిర్ణయంగా మిగలదు, పశ్చాత్తాపంగా మారుతుంది.

పరిశోధన నుండి ఆశించేది

వరి విషయంలో మన శాస్త్రవేత్తలు ముంపు సమస్యను నేరుగా ఎదుర్కొన్నారు. ముంపును తట్టుకొనే జన్యువు గల స్వర్ణ సబ్‌-1 రకం రెండు వారాల వరకు నీట మునిగినా తేరుకోగలదు. మారుటేరు పరిశోధన స్థానం డెల్టా పల్లపు భూములకు తగిన రకాలను అందించింది. తోట పంటలకు ఇంతటి స్పష్టమైన సమాధానం మన వద్ద లేదు. రకాన్ని మార్చలేనిచోట నాటే కాలాన్ని, నాటే మొక్క వయస్సును మార్చి చూడాలి.

వరద కాలంలో మెరక గట్టున పెద్ద సంచులలో అరటి మొక్కలను రెండు, మూడు నెలలు పెంచి, లంక ఆరగానే నాటితే ఎన్ని రోజులు కలిసి వస్తాయి? సంచిలో ఎదుగుదల పొలంలో ఎదుగుదలతో సమానం కాదు. పడవపై రవాణా, మొక్క ధర అదనపు భారాలు. కాబట్టి లాభం ఎంత అన్నది రైతు పొలంలోనే కొలవాలి. కొవ్వూరులో అరటిపై పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. కడియం ప్రాంతంలో మొక్కల పెంపకంలో ఆరితేరిన నర్సరీ రైతులున్నారు. ఈ రెండింటినీ లంక రైతుతో కలిపితే ఈ ప్రయోగానికి కావలసిన సామర్థ్యమంతా ఒక్క నదీతీరంలోనే లభిస్తుంది. ఆగస్టులో సంచులలో మొక్క ఉండాలంటే పిలకల ఎంపిక, మొక్కల ఒప్పందం వేసవిలోనే జరగాలి.

దీనితోపాటు, ఏ వయస్సులో ఉన్న ఏ పంట ఎన్ని రోజుల నిలువ నీటిని, ఎన్ని రోజుల పారే నీటిని భరిస్తుందో సరళమైన పట్టికగా రైతు చేతిలో పెట్టడం అవసరం. కందవంటి పంటలో దుంప నిద్రావస్థ వీడాకనే మొలకెత్తుతుంది గనుక నాటే కాలాన్ని ఇష్టం వచ్చినట్లు జరపలేం. అటువంటి పంటను మెరక భూమికే పరిమితం చేయమని స్పష్టంగా చెప్పాలి.

పెరడు, పశువు, కాగితం

తోట నష్టం లెక్కలోకి వస్తుంది, పెరటి నష్టం రాదు. నీరు తీశాక నెల, రెండు నెలలు లంక ఇంటికి కూర బజారు నుండే రావాలి. ఆ తరువాత విత్తుదామంటే విత్తనం ఉండదు, వరదలో తడిసి పోయి ఉంటుంది. పందిరిపై ఇప్పుడు కాస్తున్న బీర, ఆనపలలో మేలైన కాయను విత్తనానికి వదిలి, ఎండబెట్టి, సగం గట్టు మీది బంధువుల ఇంట దాచుకోవడం ఖర్చులేని రక్షణ. దాళ్వా గడ్డి ఏప్రిల్‌లో చవకగా దొరుకుతుంది. వరద రోజులలో గట్టుకు తోలుకువచ్చిన పశువుకు అదే గడ్డి మోపు బంగారమవుతుంది. వాము లంకలో కాక గట్టున వేసుకోవాలన్న సలహా ఇప్పుడే చెప్పాలి.

లంక సాగులో ఎక్కువ భాగం కౌలుపై నడుస్తుంది. ఒప్పందం చాలాచోట్ల నోటిమాటే. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం ఇచ్చే పత్రానికి భూయజమాని అంగీకారం కావాలి. దాని గడువు పదకొండు నెలలు. పన్నెండు నెలల పంటకు పదకొండు నెలల పత్రం ఎలా సరిపోతుందో ఆలోచించవలసి ఉంది. నీరు వచ్చాక పెట్టుబడి పెట్టినవారెవరని వెదకితే పట్టాదారు పేరే కనిపిస్తుంది. నిలిచి ఉన్న తోట ఎవరి సాగులో ఉందో మే నెలాఖరులోగా నమోదు చేయడం న్యాయం. అలాగే కాలువలు కట్టివేసిన కాలంలోనే మురుగు కాలువలలో పూడిక, గుర్రపుడెక్క తీయాలి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన బాధలలో మురుగు పారుదల ఒకటి. ఆ పని జూన్‌కు జరిగితే తొలకరి నీటిలో కొట్టుకుపోతుంది.

లంక రైతుకు నది గురించి మనం కొత్తగా నేర్పవలసినది తక్కువ. ఆయన వద్ద లేనిది కొలతలతో కూడిన సమాచారం, సకాలంలో మొక్క, చేతిలో కాగితం. ఇవి మూడూ వేసవిలోనే సమకూర్చగలిగినవి. వచ్చే ఫాల్గుణ, చైత్ర మాసాల సంచికలలో వేసవి దుక్కుల సలహాల పక్కన లంక తోటల వరద సలహాకు కూడా ఒక పుట కేటాయించాలని, విస్తరణ సిబ్బంది లంక గ్రామ సమావేశాలను పాయను నడిచి దాటగలిగే రోజులలోనే జరపాలని కోరుతున్నాం. పడవ ఎక్కి వెళ్లవలసిన రోజు వచ్చేసరికి చెప్పదగిన మాటలు తక్కువే మిగులుతాయి.