ధారయు, తుంపరయు

కుళాయిని సన్నగా విడిచినచో ధార కొంతదూరము నునుపుగా దిగి, పిమ్మట ముత్యములవలె తెగిపోవును. దీనిని చూడనివారు లేరు. ఏల తెగునని అడిగినవారు అరుదు. 1833లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సవార్ ఈ ధారలను పరీక్షించెను. 1878లో ఆంగ్లేయుడగు రేలీ ప్రభువు గణితము కట్టి, ధారపై లేచు అలలలో వ్యాసమునకు సుమారు నాలుగున్నర రెట్లు పొడవుగలది తక్కినవానికంటె త్వరగా పెరిగి దానిని త్రుంచునని తేల్చెను. కుళాయినీటికి ఇంత గణితమేల యని నాడు నవ్వినవారుండవచ్చును.

ఆ ప్రశ్నయే నేడు రాకెట్టు ఇంజనులో ప్రాణసంకటమై కూర్చున్నది. ఇంధనమును, ద్రవ ప్రాణవాయువును ఇంజెక్టరు అను జల్లెడవంటి పళ్లెపు రంధ్రములగుండ చిమ్మి తుంపర చేయవలెను. ఇచ్చట వేగము మిక్కుటము. చుట్టునున్న వాయువే ధారను చీల్చును గనుక రేలీ లెక్క యొక్కటే చాలదు. చినుకు పెద్దదైనచో పూర్తిగా కాలకయే బయటికి పోవును. అంతకంటె పెనుచిక్కు మరియొకటి గలదు. మంటలో పుట్టిన శబ్దతరంగము ధారలను కదలించును. కదలిన ధారలు తుంపరను మార్చును. మారిన తుంపర మండుచు ఆ తరంగమునకే బలమిచ్చును. ఈ చక్రము పట్టుకొన్నదా, ఇంజను క్షణములో పగులును.

అమెరికావారు చంద్రయాత్రకై కట్టిన ఎఫ్-1 ఇంజనొకటి 1962 జూన్‌లో పరీక్షావేదికపై ఇట్లే నశించెను. అది సెకనుకు రెండున్నర టన్నులకు పైగా ద్రవములను త్రాగు ఇంజను. గణితము చాలక, వారు మండుచున్న ఇంజనులోపల చిన్న బాంబును ప్రేల్చి, ఆ అలజడి తనంతట అణగునో లేదో చూచిరి. పళ్లెముపై అడ్డుగోడలు నిలిపిరి, రంధ్రముల కొలతలు మార్చిరి. సుమారు 2000 పూర్తిస్థాయి పరీక్షలు జరిగిన పిదపగాని అది లొంగలేదు. ధనికరాజ్యము గనుక చెల్లినది.

మన కథ వేరు. 1974 నాటి ఒప్పందముచే ఫ్రాన్సునుండి వైకింగ్ ఇంజను విద్య మనకు వచ్చెను. మన వికాస్ ఇంజను దాని సంతానమే. కాని 1980 మే 23న అట్టి వైకింగ్ ఇంజనులోనే మంట అదుపుతప్పి ఫ్రెంచివారి ఏరియన్ రాకెట్టు రెండవ యాత్రలో సముద్రము పాలయ్యెను. కట్టినవారికే అంతుపట్టని గుట్టు పటములలో ఎట్లు దొరకును? పటము ఇంజనును కట్టుట నేర్పును. రంధ్రము ఇంతయే ఏల యుండవలెనో నేర్పదు.

ఇప్పుడు ఇస్రోవారు కిరోసినుతోను, ద్రవ ప్రాణవాయువుతోను నడచు 2000 కిలోన్యూటనుల ఇంజనును రూపొందించుచున్నారు. 2025 మార్చి 28న మహేంద్రగిరిలో దాని భాగములకు జరిగిన మంటపరీక్ష సఫలమైనందులకు మేమును సంతోషించితిమి. అయితే ఆ పరీక్షలో ప్రధాన దహనకుండిక లేదు. ధారలకు అసలు పరీక్ష ఆ కుండికలోనే.

బెంగుళూరు సైన్సు సంస్థలోను, మద్రాసు ఐ.ఐ.టి.లోను ఈ శాస్త్రమున కృషి జరుగుచున్నది. తెలుగునాట వందలకొలది ఇంజనీరింగు కళాశాలలుండగా, ఈ పనికి పూనుకొనునవి పదియైన నుండవలదా? తొలిమెట్టునకు నీటిధార, సెకనుకు వేలకొలది చిత్రములు తీయు కెమెరా, ఓపికగల విద్యార్థి చాలును. మొదటియేడే ఫలమేదని నిలదీయక, అయిదేండ్లపాటు ధనమిచ్చు ప్రభుత్వములే కావలసియున్నవి.