చెప్పవలసిన వేళ చెప్పవలసిన మాట

శీతకాలపు ఉదయాలలో గన్నవరాన్ని పొగమంచు కమ్మితే విమానాలు ఆకాశంలోనే చక్కర్లు కొట్టి, ఒక్కొక్కప్పుడు హైదరాబాదుకు మరలిపోతాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి సీమ ప్రయాణికులకు ఇది తెలిసిన విషయమే. అందుచేతనే విమానంలో గమ్యానికి చాలినంత ఇంధనం మాత్రమే ఉంటే సరిపోదు. ప్రత్యామ్నాయ విమానాశ్రయాన్ని చేరేందుకు కొంత, ఆపైన జెట్ విమానమైతే మరో 30 నిమిషాలు ఎగరడానికి తగిన తుది నిల్వ ఉండితీరాలన్నది నిబంధన.

అయితే నిల్వ ఒక్కటే ప్రాణాలను కాపాడదు. అది తరిగిపోతున్నదని స్పష్టంగా చెప్పే మాట కూడా కావాలి. 1990 జనవరి 25న న్యూయార్క్ సమీపంలో ఇంధనం అడుగంటి ఏవియాంకా విమానం కూలిపోగా 73 మంది మరణించారు. ఇంధనం అయిపోతున్నదని సిబ్బంది తెలిపారే గాని, అత్యవసర పరిస్థితి అని ప్రకటించలేదు. నేడు ఇందుకు నిర్దిష్టమైన పదాలున్నాయి. 'మినిమమ్ ఫ్యూయల్' అంటే ఇక జాప్యాన్ని భరించలేమన్న హెచ్చరిక. 'మేడే ఫ్యూయల్' అంటే తుది నిల్వను వాడక తప్పదన్న ఆపద ప్రకటన.

విద్యార్థులారా! ఆ మాట పలికిన పైలట్‌ను అసమర్థుడని నిందించడం, మరొక పైలట్‌కు మౌనాన్ని బోధించడమే అవుతుంది. ఆపదలో మొహమాటం మర్యాద కాదు, ప్రమాదం.