ఎనిమిది అంకె చాలదు

దేశంలో 2022లో రహదారి ప్రమాదాలకు 1,68,491 మంది బలికాగా, వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై వెళ్తున్నవారే. అయినా చాలాచోట్ల లైసెన్సు పరీక్ష అంటే ఎనిమిది అంకె ఆకారంలో, కాలు నేల మోపకుండా మోటారు సైకిల్ నడపడమే. దానివల్ల రుజువయ్యేది నెమ్మదిగా వెళ్లేటప్పుడు బండిని అదుపులో ఉంచగల నేర్పు మాత్రమే. వేగంలో రెండు బ్రేకులనూ సమన్వయంతో వేయడం, మలుపుకు ముందే వేగం తగ్గించడం, పక్క సందులోంచి రాగల ముప్పును పసిగట్టడం అందులో తేలవు. ఉన్నత స్థాయి శిక్షణ అవసరం ఇక్కడే ఉంది. అయితే విన్యాసాలకే పరిమితమైన శిక్షణ మితిమీరిన ధీమాను పెంచి మొదటికే మోసం తేగలదు. వివేచనను నేర్పి, దానినే పరీక్షించాలి. బండే జీవనాధారమైన బట్వాడా కార్మికులకు అటువంటి శిక్షణను ఉచితంగా అందించడం ప్రభుత్వాల కనీస బాధ్యత.