గోరింట కొమ్మ

ఇంటికి మరొక గది చేర్చవలసి వచ్చి, పెరటిలోని గోరింట చెట్టును కొట్టించాలని నిర్ణయించాము. అది అమ్మీ నాటిన చెట్టు. ఈలోగా దాని కొమ్మనొకదానిని ఉన్నదున్నట్లు కాగితంపై నిలుపుదామని, చిత్రలేఖనం ఎన్నడూ నేర్వని మేము పూనుకున్నాము.

మొదటి బొమ్మ చూసి అమ్మీ, "ఇది గోరింట కాదు బేటా" అన్నారు. ఏళ్ల తరబడి మేము కోసిన ఆకే! అయినా జ్ఞాపకం మీద ఆకులను ఒకటి విడిచి ఒకటిగా గీశాము. కొమ్మపై అవి ఎదురెదురు జంటలు. అటుపై కొమ్మను నీళ్లగ్లాసులో నిలిపి, ప్రతి ఆకునూ స్కేలుతో కొలిచాము. పువ్వు త్వరగా వాడుతుంది కనుక ముందు దానినే భూతద్దంతో పరిశీలించాము: రేకులు నాలుగు, వాటి నడుమ జంటలుగా ఎనిమిది కేసరాలు.

1620లో కాశ్మీరు పర్యటించిన జహంగీరు, ఉస్తాద్ మన్సూర్ అక్కడి పూలను నూరుకు పైగా చిత్రించాడని తన ఆత్మకథలో వ్రాసుకున్నాడు. మాకు ఒక్క పువ్వుకే మూడు సాయంత్రాలు పట్టింది.

నాలుగవ బొమ్మను అమ్మీ చాలాసేపు చూశారు. "ఈ ఆకుకు పురుగు తిన్న చిల్లు మరచినావు" అన్నారు. చిల్లు కూడా గీశాము.