పట్టాలు ప్రజలవి, ప్రయాణ మెవరిది?

ఉప్పల్, నాచారము వాసులకు రైలుకూత క్రొత్త గాదు. నాచారమునకు ఉత్తరమున మౌలాలి, చర్లపల్లి స్టేషనులమీదుగా బెజవాడకును, గుంటూరునకును బోవు బండ్లు రేయింబవళ్లు నడచుచునే యున్నవి. కాని సంక్రాంతి వచ్చెనేని, సముద్రతీరపు జిల్లాలనుండి వచ్చి యిక్కడి కార్ఖానాలలో పనిచేయు కార్మికుడు ఆ బండిలో చోటు దొరకక, మూట భుజమున వేసికొని ఎల్.బి. నగరము చేరి, ప్రైవేటు బస్సువా డడిగినంత యిచ్చి యూరికి బోవుచున్నాడు. ముంగిట కాలువ పారుచుండగా దోసెడు నీటికి అంగలార్చినట్లున్నది!

ఈ మార్గముయొక్క పూర్వవృత్తాంతము తెలియదగినది. గోలకొండ సుల్తానుల కాలమున మనకు సముద్రద్వారము మచిలీపట్టణము. ఆంగ్లేయులు 1611లో వర్తకస్థానము నెలకొల్పుకొన్నది అచ్చటనే. తరువాత తీరము పరులపాలై, నిజాము రాజ్యమునకు సముద్రము లేకపోయెను. 1883లో లండనున నేర్పడిన కంపెనీ, సికింద్రాబాదు మార్గమును వరంగల్లు మీదుగా సాగించి 1889లో బెజవాడ చేర్చినది. బెజవాడనుండి బందరునకు రైలు 1908లో గాని పోలేదు. కంపెనీ మూలధనముపై నూటికి 5 వంతున 20 ఏండ్లు వడ్డీకి నిజాము ప్రభుత్వమే పూచీపడెను. దస్తావేజులు చదువుట మా వృత్తి. లాభము కంపెనీది, పూచీ పన్ను చెల్లించు రైతుదియని గ్రహించుటకు న్యాయశాస్త్ర మక్కరలేదు. ఈ యేర్పాటు ఇంకను చర్చలో నుండగనే దానిని ప్రశ్నించిన అఘోరనాథ చటోపాధ్యాయులు 1883లో హైదరాబాదునుండి వెడలగొట్టబడిరి.

ఆ కంపెనీ పోయినది. 1930లో నిజాము ప్రభుత్వము మార్గమును కొనెను; స్వాతంత్ర్యానంతరము అది దేశప్రజల సొత్తయ్యెను. కాని చటోపాధ్యాయులవారి ప్రశ్న పోలేదు. ఈ మార్గ మెవరికొరకు?

2025 జనవరిలో చర్లపల్లి క్రొత్త టెర్మినలు ప్రారంభమయ్యెను. గుంటూరు, బీబీనగరముల నడుమ 239 కిలోమీటర్ల ఒంటిదారిని జంటదారి చేయుటకు కేంద్రమంత్రివర్గము 2023లో అంగీకరించెను. సంతోషమే. ఒంటిదారిపై ఎదురుబండికై కాచియుండు బాధ జంటదారిపై తప్పును. బండ్లను పెంచ వీలగును. కాని పెరుగు బండ్లలో రిజర్వేషను లేని పెట్టె లెన్ని యుండును? చర్లపల్లి స్టేషను చేరుటకు నాచారమునుండి, ఉప్పల్ చౌరస్తానుండి వేళకు బస్సు లెన్ని నడచును?

వేగబండ్లును, శీతలపు పెట్టెలును ఆదాయము నిచ్చునని కొంద రందురు. నిజమే కావచ్చును. కాని ఆదాయమే పరమార్థమైనచో నాటి కంపెనీకిని, నేటి ప్రజాప్రభుత్వమునకును భేద మేమి?

కావున మన కోరిక లివి: చర్లపల్లినుండి బందరునకును, రేపల్లెకును రిజర్వేషను లేని బండ్లు నడుపవలెను, పండుగలకు ముందుగనే వానిని ప్రకటింపవలెను, బండివేళల ననుసరించి ఉప్పల్, నాచారములనుండి బస్సులు వేయవలెను. పఠనమందిరములలో దీనిని చదువు సోదరులు అచ్చటనే కూర్చుండి మహజరు వ్రాసి, సంతకములు చేసి పంపుదురుగాక. అడుగనిదే అమ్మయైనను పెట్టదు. నాడు అడిగినవానికి దేశబహిష్కారము. నేడు అడుగుట మన హక్కు. హక్కు గలిగియు నోరు మెదపకుండుట మన తప్పే యగును.